జకరండా, ఎనభై ఏడు శాతం

చెట్టును కళ్ళతో చూసి, నోటితో దాని పేరు చెప్పే ఆటవిక యుగం ఒకటి ఉండేది. నేను ఆ యుగంలోనే పుట్టాను. ఎలా బతికి బయటపడ్డామా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను!

ఆ రోజుల్లో దక్షిణాఫ్రికాలోని మా ప్రిటోరియాలో జకరండాను గుర్తుపట్టే పద్ధతి మరీ మోటుగా ఉండేది. అక్టోబరు వచ్చేది. వీధి వీధంతా ఊదారంగు అయిపోయేది. "అదిగో, జకరండా" అనేవాళ్ళం. అంతే! ఒక పరిశోధన లేదు, ఒక శాతం లేదు, కనీసం ఒక పాస్‌వర్డ్ లేదు. పూలు రాలి కారు మీద అట్టకట్టుకుపోతే తిట్టుకుంటూ తుడుచుకునేవాళ్ళం. రాలిన పువ్వులో దాక్కున్న తేనెటీగ ఉత్త కాళ్ళను కుడితే, గెంతుతూ మరీ ఆ చెట్టు పేరు తలుచుకునేవాళ్ళం. తేనెటీగ కుడితే తప్ప వృక్షశాస్త్రం ఒంటబట్టని వాళ్ళను నాగరికులంటారా?

ఇప్పుడా బాధ తీరింది. ఫోన్‌లో యాప్ వచ్చింది. చెట్టుకు చూపిస్తే చాలు, పేరు చెప్పేస్తుంది. మనం చెట్టు వంక చూడనక్కర్లేదు. ఆ శ్రమ ఫోన్ పడుతుంది.

కొందరు అంటారు, పూసినప్పుడు ఎవడైనా చెప్తాడు, పూయనప్పుడు చెప్పడమే గొప్ప అని. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పూతలేని జకరండా ఆకు చూస్తే తురాయి ఆకులా ఉంటుంది, దిరిసెన ఆకులానూ ఉంటుంది. ఇక మా ఊళ్ళో సిరింగా అని ఒక చెట్టుంది, వేపకు దగ్గర చుట్టం. దాని పూలు కూడా లేత ఊదారంగే! కాకపోతే జకరండా పువ్వు చిన్న బాకా అంత ఉంటుంది, సిరింగా పువ్వు ముక్కుపుడకంత. చలికాలంలో ఆకులన్నీ రాలిపోయాక సిరింగాకు పచ్చటి గోళీకాయలు గుత్తులుగా వేలాడతాయి. జకరండాకు అప్పడంలా బల్లపరుపుగా, చెక్కలా గట్టిగా ఉండే కాయలుంటాయి. గోళీకూ అప్పడానికీ తేడా తెలియాలంటే తల పైకెత్తాలి. మెడనొప్పులున్న ఈ కాలంలో అది ఎంతమందికి సాధ్యం?

మా వీధిలో యాప్‌కు ప్రధాన పూజారి ఊమ్ డేవాల్ట్ అనే తెల్లాయన. ఊమ్ అంటే బాబాయి అన్నట్టు. కాస్త తల నెరిసిన ప్రతి మగాడూ ఇక్కడ అందరికీ ఊమే. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, తల్లిదండ్రులు కట్టిన ఇంట్లోనే ఉంటాడు, మా వీధి కమిటీకి అధ్యక్షుడు. మంచివాడు. ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా పాకంలో ముంచిన జడల మిఠాయి పట్టుకుని వాలిపోతాడు. జ్వరం ఎవరికని అడగడు, ఇచ్చి వెళ్ళిపోతాడు.

యాప్ వచ్చిన రోజునుంచి ఆయనకు ప్రపంచమే మారిపోయింది. పొద్దున్నే నిక్కరు వేసుకుని, ఫోన్ ముందుకు చాపి, దెయ్యాన్ని వెతుకుతున్నవాడిలా వీధిలో తిరిగేవాడు. మా గుమ్మంలో తులసి మొక్కను పాతికేళ్ళుగా అదే అనుకుంటూ పెంచుతున్నాం. ఆయన వచ్చి చూపిస్తే అది పుదీనా అని తేలింది. ఇన్నేళ్ళ భక్తి ఎటు పోయినట్టు? నా భార్య పువ్వుల గౌను ఆరేసి ఉంటే దానికీ చూపించాడు. మందార, తొంభై నాలుగు శాతం. పొరపాటున ఒకసారి నా బట్టతల అడ్డొచ్చింది. గుమ్మడి అంది, శాతం ఎంతో ఆయన మర్యాదకు చెప్పలేదు.

ఇంత జ్ఞానాన్ని ఊరికే ఉంచుకుంటే పాపం కాదూ! అందుకే కమిటీ ఒక మహా కార్యక్రమం పెట్టుకుంది.

సంగతి ఏమిటంటే, మా దేశంలో జకరండా పరాయి చెట్టు. మా ఊరికి జకరండా నగరమనే పేరుంది, ఆ పేరుతోనే పండగలు చేసుకుంటాం, కానీ కొత్తగా ఒక్క మొక్క నాటితే చట్టం ఒప్పుకోదు. పాతవి ఉండొచ్చు. ఉన్నవి చచ్చేదాకా ఉండొచ్చు. ఇక సిరింగా కూడా పరాయిదే, దానికి ఆ మర్యాద కూడా లేదు, కనబడితే కొట్టేయాలి. కాబట్టి వీధిలో ఏది జకరండానో, ఏది సిరింగానో తేల్చి, జకరండాలకు బోర్డులు కొట్టి, సిరింగాలకు ఎర్ర రంగుతో అడ్డగీతలు పెట్టి, నరికేవాళ్ళను పిలవాలని తీర్మానం.

ఈ పని చలికాలంలో, అంటే మా దగ్గర జూన్, జూలైలో, పెట్టుకున్నారు. అక్టోబరు దాకా ఆగితే చెట్లే చెప్పేస్తాయి, ఇంక కమిటీ ఎందుకు?

రూపం చూసి ఎవరు ఇక్కడివాళ్ళో, ఎవరు పరాయివాళ్ళో, ఎవరు ఎక్కడ ఉండాలో తేల్చడంలో మా ఊరికి గొప్ప అనుభవముంది లెండి. మా చిన్నప్పుడు, తెల్లవాళ్ళ పాలనలో, దానికి యాప్ లేదు, పెన్సిల్ ఉండేది. మనిషి ఏ రంగు కిందకు వస్తాడో తేలకపోతే జుట్టులో పెన్సిల్ గుచ్చేవారు. జారిపడితే ఒక జాతి, నిలిచిపోతే ఇంకో జాతి. మా భారతీయులను మాత్రం పెన్సిల్ ఖర్చు కూడా లేకుండా చూపుతోనే తేల్చేసి, ఊరవతల లాడియమ్ అనే పేటకు తోలేశారు. దానితో పోలిస్తే యాప్ ఎంత దయగలది! శాతాలు చెబుతుంది.

అలా ఊమ్ డేవాల్ట్ మోడుల కాండాలకు ఫోన్ చూపిస్తూ వీధంతా తేల్చేశాడు. వీధి మొదట్లో మూలమీద ఉన్న చెట్టు జకరండా, ఎనభై ఏడు శాతం అని తేలింది. దానికి చక్కటి బోర్డు కొట్టాడు, శాతంతో సహా. కొడుతున్నప్పుడు పచ్చటి గోళీకాయలు ఆయన టోపీ మీద టపటపా రాలాయి. ఆయన దులుపుకుని బోర్డు సరిచేశాడు.

ఆయన ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క ఉన్న పాత చెట్టు సిరింగా అని తేలింది. డెబ్భై ఒక్క శాతం. దానికి ఎర్ర గీతలు పడ్డాయి. నేనైతే ఆ చెట్టు కింద కారు పెట్టుకుని పాతికేళ్ళుగా ఊదాపూలు ఊడ్చుకుంటున్నాను. కానీ నాకు శాతం లేదు కదా!

"ఊమ్, అది ఏటా పూస్తుంది కదా" అన్నాను.

"నిరుడు పూసిందా?" అన్నాడు ఆయన చురుగ్గా.

నిరుడు పూయలేదు. తీగలకు తగులుతున్నాయని కరెంటువాళ్ళు కొమ్మలన్నీ నరికిపోయారు. అంతకుముందు సంగతి ఎవరికి గుర్తు? వీధిలో ఒక్కొక్కరినీ అడిగితే ఒక్కొక్కరూ ఎర్ర గీతల వంక చూసి, "అవునేమో, మనమే ఇన్నాళ్ళూ పొరబడ్డామేమో" అన్నారు. యాప్ మహిమ అదే. కళ్ళతో చూసిందాన్ని కూడా వినయంగా వదులుకోవడం నేర్పుతుంది.

ఒక్క మనిషి మాత్రం వినయం నేర్చుకోలేదు. ఆమె పేరు కెఫిల్వే సెలోవా, నల్లజాతి ఆవిడ.

కెఫిల్వే ఆ చెట్టు వెనక ఇంట్లో, అంటే ఊమ్ డేవాల్ట్‌కు సరిగ్గా ఎదురింట్లో ఉంటుంది. మందుల షాపులో పనిచేస్తుంది. యాభై దాటాక లాయరు కావాలని పట్టుబట్టి, దూరవిద్యలో చదువుకుంటోంది. అన్నీ గట్టెక్కించింది, ఒక్క పేపరు మిగిలింది. అది రెండుసార్లు తన్నింది. ఈ అక్టోబరు చివర్లో మూడోసారి. ఇది పోతే ఇంక రాయనివ్వరు, అన్నేళ్ళ చదువూ బూడిదలో పోసినట్టే.

మా ఊళ్ళో పరీక్షలు రాసేవాళ్ళందరికీ ఒక నమ్మకముంది. జకరండా పువ్వు తనంతట తాను రాలి నెత్తిన పడితే ఆ ఏడు పాసు. అడుక్కుంటే రాదు, కొమ్మ ఊపితే చెల్లదు, భుజం మీద పడితే పెద్దలు రకరకాలుగా చెబుతారు. అక్టోబరులో యూనివర్సిటీ ముందు చూడండి, డాక్టర్లు కాబోయేవాళ్ళూ ఇంజనీర్లు కాబోయేవాళ్ళూ చెట్ల కింద తలలు ఎదురుపెట్టుకుని నిలబడి ఉంటారు. సైన్సు పుస్తకం చంకలోనే ఉంటుంది.

కెఫిల్వే కూడా నిరుడు నిలబడింది. తన ఇంటి ముందు చెట్టు పూయలేదు కనుక, ఊమ్ డేవాల్ట్ యాప్‌లో చూసి చూపించిన మూలమీది చెట్టు కింద నిలబడింది. పువ్వు కాదు, గుత్తికి గుత్తే నెత్తిన పడింది! షాపులో అందరికీ మిఠాయి పంచింది. ఫలితాలు వచ్చాయి, ఫెయిల్.

ఇంకెవరైనా అయితే ఆ నమ్మకమంతా వట్టిదని తేల్చుకునేవారు. కెఫిల్వే లాయరు బుర్ర. గుత్తిలోంచి దాచుకున్న ఒక ఎండు పువ్వు తీసి చూసింది. ముక్కుపుడకంత ఉంది.

"పువ్వుది తప్పు కాదు" అంది నాతో, దాన్ని నా కళ్ళ ముందు ఆడిస్తూ. "చెట్టుది తప్పు. ఈ ఆయన నన్ను తీసుకెళ్ళి సిరింగా కింద నిలబెట్టాడు. ఏడాది పోయింది నాకు, మనిషి మాత్రం బోర్డు మెరుగు పెట్టుకుంటున్నాడు!"

ఇప్పుడు అసలు జకరండాకు ఎర్ర గీతలు. నరికేవాళ్ళు అక్టోబరు మొదటి వారం వస్తారట. పరీక్ష నెలాఖరున. ఆమె కమిటీ మీటింగుకు వచ్చి నిలబడింది.

"ఊమ్, రెండు వారాలు ఆగండి. పూస్తే జకరండా. పూయకపోతే నేనే గొడ్డలి పట్టుకుంటా."

"అమ్మా, అలా ఆగుతూ పోతే ఏ పనీ కాదు" అన్నాడు ఊమ్ డేవాల్ట్. "మనిషన్నాక పొరపాటు పడతాడు. ఇది మిషను."

"మిషను చెప్పిన చెట్టు కింద నిలబడే కదా నేను ఫెయిలయింది?"

"నువ్వు సరిగ్గా చదివుండవు."

కమిటీ ఓటు వేసింది. ఆగాలన్నవాళ్ళం ఇద్దరం, నేనూ ఆమే. మిగతావాళ్ళంతా శాతాల పక్షం.

నరికేవాళ్ళు చెప్పిన రోజే వచ్చారు. మా దేశంలో చెప్పిన రోజు వచ్చే పనివాళ్ళు అరుదు, నాశనం చేసే పనికి మాత్రం ఎక్కడా ఆలస్యం ఉండదు. మేస్త్రీ పేరు స్కోసానా, నిండుగా ఉండే మనిషి. బండి దిగి చూస్తే చెట్టు మొదట్లో మడత కుర్చీ, కుర్చీలో పసుపుపచ్చ తలగుడ్డ కట్టుకుని కెఫిల్వే, ఒళ్ళో లావుపాటి లా పుస్తకం, పక్కన ఫ్లాస్కులో టీ.

"మ్మా, కొంచెం లేస్తారా?" అన్నాడు స్కోసానా. మా ఊళ్ళో పెద్దామెను అలాగే పిలుస్తారు, అమ్మా అన్నట్టు.

"లేవను నాన్నా. ఇది జకరండా."

రంపం పట్టుకున్నవాడు రంపం కింద పెట్టేశాడు. స్కోసానా రెండడుగులు వెనక్కి వేశాడు.

"జకరండానా? సిరింగా అని చెప్పారే!"

"సిరింగానే" అన్నాడు ఊమ్ డేవాల్ట్ రోడ్డు దాటి వస్తూ. "కానివ్వండి, కానివ్వండి."

"సార్, కొంచెం ఆగండి. మా అమ్మాయి ఈ నెలే స్కూలు ఫైనలు రాస్తోంది. పరీక్షల ముందు నేను జకరండా మీద రంపం పెట్టానని మా ఇంట్లో తెలిస్తే, నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. మీరు గట్టిగా చెప్పండి. ఇది ఏ చెట్టు?"

ఊమ్ డేవాల్ట్ నవ్వాడు. ఇలాంటి క్షణం కోసమే కదా యాప్ పుట్టింది! ఫోన్ తీసి కాండానికి చూపించాడు. ఓక్, అంది. ముఖం చిట్లించి కొమ్మకు చూపించాడు. దిరిసెన, అరవై మూడు శాతం. ఈసారి నాలుగు అడుగులు వెనక్కి వెళ్ళి, చెట్టు మొత్తం పట్టేలా పెట్టాడు. కెఫిల్వే తలగుడ్డ కూడా అందులో పడింది.

"పొద్దుతిరుగుడు" అని చదివాడు స్కోసానా ఆయన భుజం మీదుగా. "తొంభై ఆరు శాతం. సార్, మీరు తేల్చుకుని కబురు పెట్టండి. నేను మళ్ళీ నెలలో వస్తా. మా ఆఫీసులో మాత్రం ఎవరు అడ్డుచెప్పారో రాసుకోవాలి. మ్మా, మీ పేరు?"

ఊమ్ డేవాల్ట్ పరువు కాస్తయినా దక్కించుకుందామని ముందుకొచ్చాడు.

"గ్రేస్ అని రాసుకో. ఎదురింటి గ్రేస్. ఈ వీధిలో నాకు తెలియనివాళ్ళు లేరు."

కెఫిల్వే పుస్తకం మూసింది. అంత మెల్లగా ఆమె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"గ్రేస్ మా అమ్మ, ఊమ్. మీ ఇంట్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది, మీ నిక్కర్లతో సహా. అది కూడా అమ్మ పేరు కాదు. మొఖాది అంటే మీ అమ్మగారికి నోరు తిరగలేదట, గ్రేస్ అని పెట్టుకున్నారు. పోయేదాకా ఈ వీధిలో ఆవిడ గ్రేసే. నేను ఈ ఇల్లు కొనుక్కుని తొమ్మిదేళ్ళయింది. రోజూ గేటు తీస్తూ మీకు కనబడతాను. చెట్టును తప్పు చెప్పారు, పోనీ, అది మిషను. నన్ను ఏ మిషను చూసి చెప్పారు?"

ఊమ్ డేవాల్ట్ చేతిలో ఫోన్ ఇంకా ఆమె వైపే తిరిగి ఉంది. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆ వెంటనే జాలీ వేసింది. రెండూ ఒకేసారి రావడం నాకు అలవాటు లేదు.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మరి నీ... మీ పేరేమిటమ్మా?"

"కెఫిల్వే."

"కెఫీ..."

"ఫిల్. కెఫిల్వే."

"కెఫిల్వే" అన్నాడు చివరికి, మెట్లు దిగుతున్న మనిషిలా ఒక్కో అక్షరం మీదా ఆగుతూ. స్కోసానా రాసుకున్నాడు, బండెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాతి సంగతి మీకు తెలిసిందే. అక్టోబరు నడిమికి ఆ చెట్టు తలపాగా చుట్టినట్టు ఊదారంగులో విరబూసింది. వీధంతా పైకి చూసి, "మాకు ముందే తెలుసు" అంది. నా కారు మళ్ళీ అట్టకట్టింది. ఎర్ర గీతల మీద ఊమ్ డేవాల్టే గోధుమరంగు పులిమాడు.

కెఫిల్వే రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని కింద కూర్చునేది. పువ్వులు పుస్తకం మీద పడ్డాయి, టీలో పడ్డాయి, నా భార్య నెత్తిన పడ్డాయి, ఆమెకేమో ఏ పరీక్షా లేదు. వీధికుక్క నెత్తిన పడ్డాయి. కెఫిల్వే నెత్తిన మాత్రం ఒక్కటి పడితే ఒట్టు! పైకి నవ్వుతూనే ఉంది కానీ, పరీక్ష ముందురోజు చీకటిపడ్డా కుర్చీ మడవలేదు.

పరీక్ష రోజు పొద్దున ఆమె సంచి తగిలించుకుని చెట్టు కిందకు వచ్చి, గడియారం చూసుకుంటూ నిలబడింది. అంతలో ఒక పువ్వు సరిగ్గా ఆమె నడినెత్తిన పడింది. ఆ ఉదయం ఆకు కదిలేంత గాలి కూడా లేదు. చెట్టు అవతల మాత్రం, కాండం చాటున, దూలాల బూజు దులిపే పొడుగాటి కర్ర ఒకటి మెల్లగా కిందకు దిగడం నేను చూశాను. దాని చివర ఊమ్ డేవాల్ట్ ఉన్నాడు.

ఊపిన పువ్వు చెల్లదని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. కెఫిల్వే కర్రను చూసిందని నాకు తెలుసు. ఆమె పువ్వును జాగ్రత్తగా తీసి పుస్తకంలో పెట్టుకుంది.

"సాక్షులు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది నన్ను.

"నేను అటు చూడలేదు" అన్నాను.

"ఆల్ ది బెస్ట్, కెఫిల్వే!" అంది చెట్టు, ముసలి గొంతుతో.

ఆమె పాసయింది. మామూలుగా కాదు, మంచి మార్కులతో. ఊమ్ డేవాల్ట్ జడల మిఠాయి పళ్ళెంతో రోడ్డు దాటి వెళ్ళి, ఈసారి గేటు దగ్గర ఇచ్చి రాలేదు, లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, యాప్‌ను తిట్టకండి. నా మాట అదే, నేను దాని మీద నిలబడతాను. అది వేలకు వేల మొక్కల పేర్లు చెబుతుందట. ఇంకా వేలు నేర్చుకుంటోందట. దాన్ని తయారుచేసిన మహానుభావులకు నాదొక్కటే మనవి. తొమ్మిదేళ్ళుగా ఎదురింట్లో ఉంటున్న మనిషికి చూపిస్తే పేరు చెప్పే యాప్ ఒకటి త్వరగా పంపించండి. మా వీధిలో అందరికీ కావాలి, నాకు కూడా. కుడివైపు మూడో ఇంట్లో ఆయన రోజూ చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతాను.

అది వచ్చేదాకా, తాత్కాలికంగా, నోటితో అడగాల్సి వస్తోంది.